నాలుగు గంటల్లో 61 స్టార్టులు: చెరువు ఆక్సిజన్ నియంత్రణ, నాలుగో వారం

దొరికింది! మూడు వారాలుగా నన్ను నిద్రపోనివ్వని తప్పు వైర్లలో లేదు, ప్రోగ్రాములో లేదు. ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ చుట్టూ కదలకుండా నిలిచిపోయిన నీళ్లలో ఉంది.

ఆకివీడు దగ్గర మా చిన్నాన్న వనామీ రొయ్యల చెరువు. డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 4.0 మిల్లీగ్రాములకు పడితే ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరగాలి, 4.8 దాటితే ఆగాలి. కిందటి మంగళవారం రాత్రి ఒంటి గంట నుంచి ఐదింటి దాకా కాంటాక్టర్, అంటే ఆ మోటార్లను ఆన్ చేసే స్విచ్, 61 సార్లు ఆన్ అయింది. ఏరియేటర్లు మొదలైన 40 సెకన్లకే రీడింగు 3.9 నుంచి 4.9కి ఎగబాకుతోంది. ఆగిన మూడు నిమిషాలకు మళ్లీ 3.9. స్టార్టయిన ప్రతిసారీ మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, వైండింగు కాలిపోతుందేమోనని గుండె దడ. చిన్నాన్న టార్చిలైటుతో గట్టు చుట్టి వచ్చి, "నిజంగా ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలేవి, ఒక్కటి కూడా తేలలేదు. నీ మీటరే తప్పు చెబుతోంది" అన్నారు.

మొదట మోటారు నుంచి వచ్చే విద్యుత్ అలజడి (నాయిస్) రీడింగును చెడగొడుతోందనుకున్నాను. షీల్డు కేబుల్ వేశాను, ప్రోబ్ రీడింగును మోసుకొచ్చే ఆర్‌ఎస్-485 లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాను, ఐసొలేటర్ కూడా కలిపాను. మార్పు లేదు. ప్రోబ్ కొసన ఉండే పలచటి పొరకు (మెంబ్రేన్‌కు) బుడగలు అంటుకుంటున్నాయేమోనని ప్రోబ్‌ను 45 డిగ్రీలు వంచాను. మార్పు లేదు. ఉష్ణోగ్రత చూస్తే ప్రోబ్ 28.6, థర్మామీటరు 28.4. అదీ కాదు.

చివరికి కాగితం మీద లెక్క వేశాను. ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు: సుమారు 48.5 లక్షల లీటర్లు. అంత నీటిలో ఒక్క మిల్లీగ్రాము పెరగాలంటే దాదాపు 4.9 కిలోల ఆక్సిజన్ కలవాలి. నాలుగు 2 హెచ్‌పీ చక్రాల ఏరియేటర్లు ఎంత బాగా పనిచేసినా దానికి అరగంటకు తక్కువ పట్టదు. 40 సెకన్లలో జరిగే పనే కాదు.

వెంటనే అదే నీళ్లు బకెట్లోకి తోడాను. కలుపుతుంటే 5.2. చెయ్యి ఆపితే మూడు నిమిషాల్లో 4.0. మళ్లీ కలిపితే అర నిమిషంలో 5.2! నాది గాల్వానిక్ రకం ప్రోబ్, అది కొలిచే క్రమంలో మెంబ్రేన్ ముందున్న ఆక్సిజన్‌ను తానే ఖర్చు చేస్తుంది. కొత్త నీరు రాకపోతే అక్కడి పలచటి నీటి పొరలో ఆక్సిజన్ ఖాళీ అయిపోతుంది. అంటే ఇన్నాళ్లూ నేను కొలిచింది ఆక్సిజన్‌తో పాటు నీటి కదలికను కూడా.

ఇప్పుడు ప్రోబ్‌ను రెండంగుళాల పీవీసీ గొట్టంలో పెట్టి 12 వోల్టుల చిన్న పంపుతో నీళ్లు పారిస్తున్నాను. నిన్న రాత్రి ఐదే స్టార్టులు.

నీటి ఉప్పదనాన్ని బట్టి రీడింగును సరిచేసే లెక్క (లవణీయత సవరణ) సరిపోయింది. ఎస్ఎంఎస్ హెచ్చరిక వస్తోంది. కాంటాక్టర్ సీమెన్స్‌ది, ఇన్నిసార్లు కొట్టినా పాయింట్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ ఒక్క చోట చౌక రకం కొనవద్దు. తర్వాతి సెన్సార్ రీడింగును 4-20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపేదే తీసుకుంటాను: మామూలుగా 4కు తగ్గదు, తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది, వెంటనే తెలిసిపోతుంది.

కొత్త తలనొప్పి పాచి. మూడు రోజులకే పంపు జాలీ మూసుకుపోయింది. లీటరు మగ్గు నిండడానికి 5 సెకన్లు పట్టేది, ఇప్పుడు 19. ప్రవాహం తగ్గితే రీడింగు కిందికే జారుతుంది కాబట్టి ఏరియేటర్లు అనవసరంగా తిరుగుతాయి తప్ప రొయ్యకు ప్రమాదం లేదు. వెలుతురుతో కొలిచే ఆప్టికల్ ప్రోబ్ ఆక్సిజన్‌ను ఖర్చు చేయదు, దానికి ఈ ప్రవాహం గొడవ ఉండదు కానీ ధర ఈ పంటకు అందదు.

ఈలోగా ఒక ఆలోచన. గంటకోసారి పంపును కావాలనే మూడు నిమిషాలు ఆపుతాను. రీడింగు 20 శాతం దాకా పడితే అంతకుముందు నీరు బాగా పారుతున్నట్టే. 10 శాతం కూడా పడకపోతే జాలీ అప్పటికే మూసుకుపోయిందని ఫోనుకు కబురు రావాలి. కోడు సగం రాశాను, ఆదివారం రాత్రి గట్టు మీదే కూర్చుని పరీక్షిస్తాను.