ఇమ్యునోథెరపీ నడుస్తోందా? ప్రోబయాటిక్ మాత్రలు కొనేముందు

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు కాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. మన టి కణాలకు, అంటే జబ్బుతో పోరాడే రక్షణ కణాలకు, కణితి వేసిన కళ్లెం విప్పుతాయంతే, ఆపైన పని టి కణాలదే. అవి ఎంత చురుగ్గా కదులుతాయన్న దాంట్లో పేగులోని బాక్టీరియాకీ చెయ్యి ఉంది.

ఇజ్రాయెల్‌లోని షెబా వైద్య కేంద్రంలో ఈ మందులకు లొంగని మెలనోమా (ఒక రకం చర్మ కాన్సర్) ఉన్న 10 మందిని తీసుకున్నారు. మూడు రోజులు వాంకోమైసిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ మింగించి పాత బాక్టీరియాను చాలావరకు ఖాళీ చేయించారు. ఇలాంటి మందుతోనే జబ్బు పూర్తిగా తగ్గినవాళ్ల మలాన్ని కొలనోస్కోపీ గొట్టంతో పెద్దపేగులోకి పంపి, తర్వాత అదే మలంతో చేసిన క్యాప్సూల్స్ ఇచ్చి, మళ్లీ నివోలుమాబ్ మొదలుపెట్టారు. ముగ్గురిలో కణితులు తగ్గాయి, వాళ్లలో ఒకరికి పూర్తిగా పోయాయి. 2021లో దీంతోపాటే వెలువడిన, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఇలాంటి పరీక్షలో 15 మందిలో 6 మందికి మేలు కనిపించింది. రెండూ చిన్నవే, పోల్చి చూసే రెండో బృందమూ లేదు. అయినా ఒకప్పుడు ఓడిపోయిన మందు మళ్లీ పనిచేయడం చిన్న సంగతి కాదు.

ఇది విని ఇంట్లో ప్రయత్నించాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు. దాత మలంలో యాంటీబయాటిక్స్‌కు లొంగని ఇ.కోలై బాక్టీరియా ఉండిపోయి, దాన్ని ఎక్కించుకున్న ఒక రోగి చనిపోయారని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

ఎక్కువమంది చేసే పొరపాటు మెడికల్ షాపులో దొరికే ప్రోబయాటిక్ మాత్ర, అంటే మంచి సూక్ష్మజీవులని బతికుండగానే నింపి అమ్మేది. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కాన్సర్ కేంద్రం పరిశోధకులు చూసిన మెలనోమా రోగుల్లో వాటివల్ల లాభం కనబడలేదు. ఎలుకల్లోనైతే కణితిలోకి చేరే చురుకైన టి కణాలు తగ్గాయి. రోజుకు 20 గ్రాములు, ఆపైన పీచు తిన్నవాళ్లలో మాత్రం జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉంది. పీచు 5 గ్రాములు పెరిగినకొద్దీ జబ్బు ముదిరే లేదా చనిపోయే ముప్పు సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. ఇది రోగులు ఏం తిన్నారన్న లెక్క మాత్రమే కాబట్టి పీచే కారణమని తేల్చలేం కానీ, మాత్రకంటే ఇది ఎంతో నమ్మదగ్గ దారి.

20 గ్రాములంటే మన వంటింట్లో ఎంత? 50 గ్రాముల జొన్నపిండి రొట్టెల్లో 5, పొట్టుతో ఉన్న 50 గ్రాముల పెసల్లో 8, వంద గ్రాముల జామకాయలో మరో 8. తెల్లన్నమే తింటే వంద గ్రాముల బియ్యానికి 3 గ్రాములైనా రాదు. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు. అందుకే రెండు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచండి, నీళ్లూ పెంచండి. పేగు మూసుకుపోయే ఇబ్బంది ఉన్నా, పొట్ట ఆపరేషన్ ఈమధ్యే అయినా ముందు డాక్టరుని అడగాలి.

తెల్లకణాలు పడిపోయినప్పుడు, మెడలోనో ఛాతీలోనో సెంట్రల్ లైన్ (మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్నప్పుడు ప్రోబయాటిక్‌గా అమ్మే బతికున్న ఈస్ట్ పొడి సాచెట్ చింపడమే ప్రమాదం: గాల్లో లేచిన పొడి, చేతికంటినది లైన్ దారిన రక్తంలోకి వెళ్లగలదు.

జలుబుకి సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోకండి. ఇమ్యునోథెరపీకి కాస్త ముందు వాటిని వాడినవాళ్లలో ఫలితాలు తగ్గినట్టు పలు అధ్యయనాలు చూపాయి. నిజంగా ఇన్ఫెక్షన్ ఉండి డాక్టరు రాస్తే మాత్రం ఒక్క డోసూ మానొద్దు.

మామూలుకన్నా రోజుకు నాలుగైదుసార్లు ఎక్కువ విరేచనాలవుతుంటే అది పీచువల్లేనని సరిపెట్టుకోకుండా అదేరోజు మీ కాన్సర్ డాక్టరుకి ఫోన్ చేయండి. ఇమ్యునోథెరపీ మందువల్ల పేగు వాచి ఉండొచ్చు.