నలభై ఏడేళ్లకి మళ్లీ బిట్ బ్యాంకు

మొన్న ఆదివారం విశాఖ మద్దిలపాలెంలో టెట్, అదే టీచర్ల అర్హత పరీక్ష, పేపర్ వన్ బిట్ బ్యాంకు కొంటుంటే షాపులో కుర్రాడు "పాపకా మేడం?" అన్నాడు, అవును అనేసి డబ్బులిచ్చి వచ్చేసా. నాకే బాబూ అనడానికి నోరు రాలేదు.

సంగతి టీచర్లందరికీ తెలిసిందే. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పేసింది, ఎప్పట్నుంచో పనిచేస్తున్నవాళ్లకి కూడా టెట్ ఉండాల్సిందేనని. రిటైర్మెంటుకి ఐదేళ్లు మించి ఉంటే రెండేళ్లలో పాసవ్వాలి, లేదంటే ఇంటికే. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు అలాగే ఉండొచ్చు గానీ ప్రమోషన్ మాత్రం ఉండదు. మనకి 62కి కదా రిటైర్మెంటు, మా స్కూల్లో 58 నిండిన మాస్టారు ఒకాయన ఉన్నారు, "ముసలాణ్ణయినందుకు మొదటిసారి సంతోషంగా ఉందమ్మా" అని ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు. నాకేమో ఇంకా పదిహేనేళ్లు.

నేను భీమిలి డైట్ కాలేజీలో టీచర్ ట్రైనింగ్ (టీటీసీ) చేసి, టీచర్ పోస్టుల పరీక్ష 2002 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా వచ్చా. అప్పుడు టెట్ అన్న మాటే లేదు, అది 2010 ఆగస్టులో టీచర్ల చదువులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌తో వచ్చింది, మన రాష్ట్రంలో మొదటిసారి పెట్టింది 2011లో. పాతవాళ్లకి అక్కర్లేదని అందులోనే ఉందని ఇన్నాళ్లూ గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం. పరీక్ష పెట్టడం మీద నాకేం పేచీ లేదు, కొత్తగా చేరేవాళ్ల కోసం తయారుచేసిన పరీక్షనే ఇరవై మూడేళ్లు సుద్దముక్క అరగదీసినవాళ్లకీ పెట్టడమే ఒళ్లు మండిస్తోంది. క్లాసులోకి వచ్చి కూర్చోండి, నేనెలా చెప్తున్నానో చూడండి, దానికి వెయ్యండి మార్కులు.

సరే, ఏడిస్తే మార్కులు రావు కాబట్టి అక్క కూతురి దగ్గర చేరా. అది బీఈడీ చేసి అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని మెగా డీఎస్సీ రాసింది, 16,347 పోస్టుల్లో దానికి ఒక్కటీ దక్కలేదు. బీఈడీ వాళ్లకి ఎస్జీటీ లేదని 2023లోనే కోర్టు తేల్చేసింది కాబట్టి దానికి ఉన్న దారి హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంటే. డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కదా, అందుకని స్కోరు పెంచుకోడానికి టెట్ మళ్లీ రాస్తోంది. రాత్రి తొమ్మిదింటికి వంటిల్లు సర్దేసి ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటాం, తను స్కూల్ అసిస్టెంట్ల పేపరు టూ ఏ, నేను ఎస్జీటీల పేపరు వన్ ఏ.

తెలుగు, మ్యాథ్స్, ఈవీఎస్ పర్లేదు, రోజూ చెప్పేవే. సైకాలజీ దగ్గరే దెబ్బ. 'పొట్టి గ్లాసులో నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే నీళ్లు పెరగలేదని పిల్లలు ఏ దశలో గ్రహిస్తారు' అని బిట్టు. పూర్వ ప్రచాలక అని పెట్టా, తప్పు, మూర్త ప్రచాలక అట. ఇది నాకు ఎంత తెలుసో చూడండి, మా ఒకటో క్లాసు గుంటలకి రాగిజావ పోస్తే ఇంటి నుంచి సన్న గ్లాసు తెచ్చుకున్నవాడిని చూసి పక్కవాడు "ఆడికి ఎక్కువేసారు టీచరూ" అని గోల, నేను వాడి జావ తీసి వీడి గ్లాసులో పోసి చూపిస్తా, అయినా నమ్మడు, మూతి ముడుచుకుంటాడు. రెండో క్లాసుకి వచ్చేసరికి వాడే పక్కోడికి "ఒరే రెండూ ఒకటేరా" అని చెప్తాడు. ఇరవై మూడేళ్లుగా ఇదే చూస్తున్నా, దానికి సైకాలజిస్టు పియాజే పెట్టిన పేరు మాత్రం గుర్తుండి చావదు.

"పిన్నీ, పిల్లల్ని కాదు, బిట్టుని చూడు" అంటుంది అది. నిజమే కావచ్చు.

నిన్న రాత్రి టైం పెట్టుకుని మాక్ టెస్ట్ రాసా, కంప్యూటర్లోనే, 150 బిట్లు, రెండున్నర గంటలు, మౌస్ పట్టుకుని చెయ్యి లాగేసింది. ఓసీ కాబట్టి నాకు 90 కావాలి, 89 వచ్చాయి.

పోయిన బిట్లలో మళ్లీ ఆ గ్లాసుది ఉంది.