చొక్కా జేబులో కెమెరా

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో పెద్ద కెమెరా ఎత్తగానే, బంతిపూలు తూస్తున్న అవ్వ కొంగు సవరించుకుని నిటారుగా నిలబడిపోయింది. తక్కెడ మీద పూలరేకుల పసుపంటిన ఆ వేళ్లు నాకు దక్కలేదు. ఆ నెలలోనే జేబులో పట్టే రికో జీఆర్ 3 కెమెరా కొన్నాను. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు. లెన్సు చూపు వెడల్పుగా (28 మిల్లీమీటర్లకు సమానం) ఉంటుంది కాబట్టి మనిషి దగ్గరికి వెళ్లక తప్పదు. నాకు నచ్చిందీ అదే. దూరం నుంచి జూమ్‌తో లాగడం నాకు దొంగచాటు పనిలా అనిపిస్తుంది. స్నాప్ ఫోకస్‌ను (ముందే ఖాయం చేసుకునే ఫోకస్ దూరం) మీటరున్నర దగ్గర పెట్టుకుంటే బొత్తాం నొక్కడమే మిగులుతుంది. ఆ చిన్న చప్పుడు బేరాల గోలలో కలిసిపోతుంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఛార్జి తొందరగా అయిపోతుంది. అదనంగా రెండు బ్యాటరీలు ఉంచుకుంటాను.

తీసిన వెంటనే చూపిస్తాను, వద్దంటే అక్కడే చెరిపేస్తాను. మొన్న అవ్వ తెర వైపు వంగి, "చేతులే తీశావేం నాయనా?" అని అడిగింది.