అక్క అన్న బూడిద మాట

నిద్ర పట్టేలా లేదు. పొద్దున అక్క అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. నేను రంగు పెన్సిళ్లతో గీసిన నాన్న బొమ్మ చూసి, "బాగుంది గానీ, ముఖానికి బూడిద పట్టినట్టుందేంటే?" అంది. అని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయింది. పదకొండు రోజులు కూర్చున్నాను ఆ ముఖం మీద. ఒక్క చెంపకే తొమ్మిది పొరలు.

నల్లటి మనిషిని గీసినప్పుడల్లా ఎవరో ఒకరు "కాస్త రంగు తగ్గించి వేయొచ్చుగా" అంటారు. అక్కదీ అదే బాపతు మాట అనుకున్నాను, అందుకే అంత మండింది. నాన్న నలుపులో ఎన్ని రంగులున్నాయో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. నుదుటి మీద పసుపు ఛాయ. ముక్కు కొన, చెవులు కాస్త ఎర్రన. గడ్డం గీసుకున్నచోట నీలం కలిసిన ఆకుపచ్చ. కిటికీ వైపు చెంప ఎముక మీద మెరుపైతే తెలుపు కానే కాదు, లేత నీలం. బయటి ఆకాశమే అక్కడ పడింది.

ఐదో తరగతిలో నా డబ్బాలో పన్నెండు పెన్సిళ్లు, అందులో ఒకదాన్ని అందరం 'స్కిన్ కలర్' అనేవాళ్లం. లేత గులాబీ రంగు. అమెరికాలో రంగు క్రేయాన్లు చేసే క్రేయోలా వాళ్లు 'ఫ్లెష్' (చర్మం రంగు) అన్న పేరు తీసేసి 'పీచ్' అని మార్చింది 1962లో. మా క్లాసులో మాత్రం అన్నేళ్ల తర్వాత కూడా మనిషంటే ఆ పెన్సిలే. దాంతోనే నాన్నని గీసి చూపించాను. ఆయన నవ్వలేదు. చొక్కా చేయి పైకి మడిచి, ముంజేతిని కాగితం పక్కన పెట్టారు. "నా రంగు ఈ డబ్బాలో లేదమ్మా. రెండు మూడు కలిపి చూద్దాం" అన్నారు. నారింజ మీద గోధుమరంగు, దాని మీద కొంచెం ఊదా. చేతిని కదపకుండా అలాగే కూర్చున్నారు, నేను వేస్తూ పోయాను. ముంజేతి రంగు చాలావరకు వచ్చింది. మోచేతి మడత దగ్గరి నలుపు మాత్రం ఎంతకీ రాలేదు. ఇప్పటికీ ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు ఆ చేయే గుర్తొస్తుంది.

ఇంతవరకు రాసి, లేచి వెళ్లి బొమ్మని లైటు కింద వాలుగా పట్టుకున్నాను. అక్క అన్నది నిజమే. ముదురు రంగు గట్టిగా పట్టించిన చోటల్లా పల్చటి తెల్లపొర. నావి మైనం పెన్సిళ్లు. కొన్నాళ్లకి ఆ మైనం పైకి తేలి ఇలా మంచు పట్టినట్టవుతుంది, వ్యాక్స్ బ్లూమ్ అంటారు. మెత్తటి నూలుగుడ్డతో, నొక్కకుండా తుడిచాను. చెంప మళ్లీ వెచ్చగా పైకొచ్చింది.

గడ్డం కింద మాత్రం పోలేదు. అది మైనం పని కాదు, నాదే. ఆ రాత్రి ముగించేయాలన్న తొందరలో నీడకి నల్ల పెన్సిల్ వాడాను. నీడలో నలుపు పడితే చర్మంలో ప్రాణం పోతుంది. కింద ఇండిగో అనే ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ పల్చగా పరిచి, పైన బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రటి గోధుమరంగు, నడపాలి. తెలిసి కూడా చేశాను. ఇప్పుడు అక్కడ కాగితం గరుకంతా నిండిపోయింది, ఇంకో పొర పట్టదు. మెత్తగా నలిగే రబ్బరుతో అద్ది అద్ది కొంత రంగు లేపాలి.

కళ్లు మాత్రం బాగా కుదిరాయి. నాన్న చూసినట్టే చూస్తున్నాయి.

అక్కని తప్పుగా అనుకున్నాను, రేపు చెప్పాలి. ఫోన్ చూసుకుంటూ అన్నందుకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది.

చిత్తుకాగితం మీద ఇండిగో, సియెన్నా కలిపి చిన్న ముక్క వేసి పెట్టాను. ట్యూబ్‌లైటు కింద సరిపోయినట్టే ఉంది. పొద్దున కిటికీ దగ్గర చూడాలి.