సైలెంట్‌లో పెట్టలేని ఫోన్

ఇవాళ పొద్దున 6:10కి ఫోన్ మోగింది. అలారం అనుకున్నాను. కాదు, కాల్. తెలియని నంబరు. నిద్రకళ్లతో ఆ నంబరు చూడగానే గుండె దడదడలాడింది. ఎత్తితే అటువైపు రికార్డు చేసిన గొంతు. నాకు అప్పు మంజూరైందని ఎంతో హుషారుగా చెబుతోంది. నేనెవరినీ అప్పు అడగలేదు.

కట్ చేసి ఆ నంబరును బ్లాక్ చేశాను. అలా బ్లాక్ చేసినవి నా ఫోన్‌లో చాలానే ఉన్నాయి. రేపు ఇంకో నంబరు నుంచి అదే గొంతు వస్తుంది. ఒకసారి అలా ఉలిక్కిపడి లేచానంటే మళ్లీ నాకు నిద్ర పట్టదు. ఎవరికి చెప్పుకున్నా "సైలెంట్‌లో పెట్టుకోవచ్చుగా" అంటారు. పెట్టుకోలేను. ఎందుకో ఇన్నాళ్లుగా ఎక్కడా రాయలేదు. ఇవాళ రాయాలనిపిస్తోంది.

ముందుగా ఇవాళ నా రోజు ఎలా గడిచిందో చెప్పాలి. అన్నీ చిన్న చిన్న చిరాకులే. విడివిడిగా చూస్తే ఏదీ చెప్పుకునేంత కష్టం కాదు. కానీ చెప్పులో దూరిన రాయితో పొద్దుటి నుంచి నడుస్తుంటే, సాయంత్రానికి ఆ రాయి తప్ప ఇంకేదీ గుర్తుండదు.

ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే పాస్‌వర్డ్ గడువు తీరిపోయిందని వచ్చింది. మా దగ్గర 90 రోజులకోసారి మార్చాలి. ఒక అంకె ఉండాలి, ఒక గుర్తు ఉండాలి, పాతవాటిలో ఏదీ కాకూడదు. ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి కూర్చుని చదివాను. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన బిల్ బర్ రాసిన మార్గదర్శకాల నుంచి ఇవి అన్ని ఆఫీసులకూ పాకాయి. 2017లో ఆయనే, అప్పుడు రాసినవాటిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని ఒక పత్రికతో అన్నారు. గడువు పెట్టి ఊరికే మార్పించవద్దని అదే ఏడాది నిస్ట్ కూడా తన నియమాలను సవరించింది. మాటిమాటికీ మార్చమంటే మనుషులు పాత పాస్‌వర్డ్ చివర ఒక అంకె మార్చి ఊరుకుంటారు, దాంతో భద్రత ఏమీ పెరగదు. రాసినాయనే వద్దన్నా ఆ నియమం మాత్రం మా ఆఫీసులో ఇంకా బతికే ఉంది. నాకు కోపం తెప్పించేది మార్చాల్సిన ఆ రెండు నిమిషాలు కాదు. తప్పని తేలిన పని కూడా అలవాటు పేరుతో సాగుతూ ఉండడం.

పక్క సీటులో ఉండే అతను ఆలోచిస్తున్నప్పుడు పెన్ను టక్ టక్‌మని నొక్కుతుంటాడు. మంచి మనిషి. తను చేస్తున్నాడని తనకే తెలియదు. నాకు మాత్రం గది మొత్తంలో ఆ చప్పుడు ఒక్కటే వినబడుతుంది. నా స్వభావమే మంచిది కాదని చాలా ఏళ్లు బాధపడ్డాను. కొన్ని రకాల చప్పుళ్లకు ఇలా అతిగా స్పందించే స్థితికి మిసోఫోనియా అని 2001లో మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దంపతులు పేరు పెట్టారని తెలిశాక కొంచెం తేలికపడ్డాను. నాది అంత తీవ్రమైనదని అనను. కానీ ఒక బాధకు పేరుందంటే, అది పడ్డవాళ్లు ఇంకా ఉన్నారనే కదా.

మీటింగ్‌లో జేబులో ఫోన్ వణికినట్టు అనిపించి రెండుసార్లు తీసి చూశాను. ఏమీ లేదు. ఇదీ నా ఒక్కడి సంగతి కాదు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సర్వేలో, ఆసుపత్రి సిబ్బందిలో 68 శాతం మంది రాని కంపనాలు వచ్చినట్టు అనిపిస్తాయని చెప్పారు. ఎప్పుడు పిలుపు వస్తుందోనని ఎదురుచూసే ఒళ్లు అది.

మధ్యాహ్నం ఒక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సి వచ్చింది. నా చిరునామా తప్పుగా పడింది, సరిచేయాలి. అంతే పని. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, మళ్లీ ఒకటి నొక్కండి. తర్వాత సంగీతం. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అన్న మాట ప్రతి నిమిషానికీ ఒకసారి. 26 నిమిషాలు విన్నాను. ఈ హోల్డ్ సంగీతం పుట్టింది ఒక వదులైన తీగ వల్లనట. ఆల్ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమాని దగ్గర, టెలిఫోన్ తీగ ఒకటి భవనంలోని ఉక్కు దూలానికి తగిలి, పక్కనున్న రేడియో స్టేషన్ పాటలు ఫోన్‌లో వినిపించడం మొదలైంది. ఆయన 1962లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే 1966లో వచ్చింది. లైన్ కట్ కాలేదని అవతలివాళ్లకు తెలియాలన్నదే ఆలోచన. ఆలోచన మంచిదే. నాకు దాని మీద కోపం లేదు.

కోపం వేరే చోట ఉంది. ఎన్ని కాల్స్ వస్తే ఎంతమంది ఎత్తాలి, ఎంతసేపు వేచి ఉండాల్సి వస్తుంది అన్నది తెలియని విషయం కాదు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఎర్లాంగ్ 1909లోనే దాని మీద మొదటి వ్యాసం రాశారు. 1917 నాటికి సూత్రాలు కూడా ఇచ్చారు. ఇప్పటికీ కాల్ సెంటర్లలో ఎంతమందిని కూర్చోబెట్టాలో ఆ సూత్రాలతోనే లెక్క కడతారు. అంటే నా 26 నిమిషాలు అనుకోకుండా పోయినవి కావు. ఇంతమంది చాలు, మిగతావాళ్లు ఆగుతారులే అని ఎవరో ఒక గదిలో కూర్చుని నిర్ణయించినవి. అది తెలిశాక "మీ కాల్ మాకు ముఖ్యం" అన్న మాట వింటే కడుపు మండుతుంది. చివరికి ఎత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడి మూడు నిమిషాల్లో పని చేసిపెట్టింది. ఆమె మీద అరవనందుకు ఇప్పుడు తృప్తిగా ఉంది. ఆమె కూడా ఆ లెక్కలో ఒక అంకే.

అక్కడి నుంచి బ్యాంకుకు వెళ్లాను. టోకెన్ తీసుకుని కూర్చున్నాను. నా ముందు పదకొండు మంది. ఎదురుగా ఒకాయన ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాడు, ఒక్కోటి పది పదిహేను సెకన్లు, ఏదీ పూర్తిగా చూడడు. నా వెనక వరుసలో ఒకావిడ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది. నాకు ఆయన కంటే ఆవిడ మీదే ఎక్కువ చిరాకు వేసింది. ఎందుకో కూడా నాకు తెలుసు. ఇద్దరి సంభాషణ పూర్తిగా వినబడితే మనసు దాన్ని పక్కన పెట్టగలదు. ఒకవైపే వినబడితే పెట్టలేదు, అవతలివాళ్లు ఏమంటున్నారో ఊహించుకుంటూనే ఉంటుంది. 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. సగం సంభాషణ విన్నవాళ్లు చేస్తున్న పనిలో ఎక్కువగా తడబడ్డారు.

వద్దనుకుంటూనే నా మనసు ఆవిడ మాటలకు రెండో సగం పూరించడం మొదలుపెట్టింది.

"ఎప్పుడు?"

కాసేపు మౌనం.

"మాట్లాడుతున్నారా మరి?"

మళ్లీ మౌనం.

"దగ్గర ఎవరున్నారు? సరే. సరే. నేను బయల్దేరుతున్నా."

వెనక్కి తిరిగి చూడలేదు. కుర్చీ వెనక్కి జరిగిన శబ్దం, గబగబా నడిచిన చెప్పుల శబ్దం వినబడ్డాయి. ఆవిడ టోకెన్ నంబరు తర్వాత రెండుసార్లు పిలిచారు.

ఆ మూడు మాటలూ నావే. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి, అదే క్రమంలో అన్నాను.

ఆ రాత్రి 2:10కి నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆ వారమంతా తెలియని నంబర్ల నుంచి ఒకటే కాల్స్. అప్పులు, బీమాలు, లాటరీలు. విసిగిపోయి ఉన్నాను. కట్ చేశాను. నాలుగు నిమిషాలకు మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసి, ఈసారి సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. దాదాపు 4 గంటలకు మెలకువ వచ్చి టైమ్ చూద్దామని ఫోన్ తీస్తే అదే నంబరు నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్. "నేను అన్నయ్యని. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. నాన్నని ఆసుపత్రికి తెచ్చాం. ఎత్తు."

నేను వెళ్లేసరికి నాన్న పోయి ముప్పావుగంట అయింది.

అన్నయ్య ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనడు. నువ్వు ముందే వచ్చినా నాన్నకు స్పృహ లేదు అంటాడు. నిజమే కావచ్చు. కానీ నేను కట్ చేసింది మా అన్నయ్య గొంతుని. ఆ సంగతి మారదు.

ఎప్పుడూ ఫోన్ చేసే నంబర్లు మాత్రం మోగేలా పెట్టుకోమని సలహా ఇస్తారు. ఆ సదుపాయం నాకూ తెలుసు. కానీ ఆ రాత్రి వచ్చింది అలాంటి నంబరు కాదు. ఆసుపత్రి వరండాలో ఎవరో దయతో ఇచ్చిన ఫోన్. అవసరం వచ్చినప్పుడు కాల్ ఏ నంబరు నుంచి వస్తుందో ముందే ఎవరు చెప్పగలరు? అందుకే ఇప్పుడు ప్రతి తెలియని నంబరూ ఎత్తుతాను. అప్పు ఇస్తామనే గొంతు కూడా వింటాను. ఈ కాల్స్‌ను చిన్న చిరాకు అంటే నేను ఒప్పుకోను. ఒకప్పుడు ఫోన్ మోగితే ఎవరో మనతో మాట్లాడాలనుకుంటున్నారని అర్థం. ఆ నమ్మకాన్ని వీళ్లు తినేశారు. వాళ్లు దోచుకున్నది నిద్ర ఒక్కటే అయితే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు.

లిఫ్ట్ అంటే నాకున్న భయం కూడా ఇక్కడి నుంచే వచ్చిందని ఈమధ్యే అర్థమైంది. అందరూ తాడు తెగుతుందని భయపడతారు. ఆ భయం నాకు లేదు. ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్క్‌లో జనం ముందు తను నిలబడ్డ లిఫ్ట్ తాడును తెగ్గొట్టించి, అది పడకుండా ఆగిపోతుందని చూపించారు. ఆ బ్రేకు మీద నమ్మకం ఉంది. నన్ను భయపెట్టేది తలుపు మూసుకోగానే సిగ్నల్ గీతలు మాయమవడం. ఇనుప పెట్టెలోకి తరంగాలు సరిగా రావు. ఆరో అంతస్తుకు నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లూ నాకు ఊపిరి ఆడదు. సాయంత్రం మెట్లెక్కే ఇంటికి వచ్చాను.

వచ్చాక అన్నయ్యకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. "అమ్మ ఎలా ఉంది?" అని. 5:40కి రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఏడున్నర అయింది. లేదు. ఈ నీలం టిక్కులు 2014 నవంబర్‌లో వచ్చాయి. అంతకుముందు జవాబు రాకపోతే చూసి ఉండరని సర్దిచెప్పుకునేవాళ్లం. ఇప్పుడు చూశారని తెలుసు, ఎందుకు పలకలేదో తెలియదు. ఆ ఖాళీలోకి మనసు ఏదైనా తెచ్చి పెడుతుంది. నాది ఎప్పుడూ ఒక్కటే తెస్తుంది. సెట్టింగ్స్‌లో వాటిని ఆపేయొచ్చు, కానీ అప్పుడు అవతలివాళ్లు చూశారో లేదో మనకూ కనబడదు. ఎనిమిదింటికి ఫోన్ చేశాను. స్విచాఫ్.

ఆ గంటన్నర ఎలా గడిచిందో రాయలేను. పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను.

9:35కి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఒక్క రింగుకే ఎత్తాను.

"నేనేరా," అంది అమ్మ. "అన్నయ్య ఆఫీసులోనే ఉండిపోయాడు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినట్టుంది. నాదేమో రీచార్జ్ అయిపోయింది. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేస్తున్నా. ఏం లేదు, ఊరికే. పడుకున్నావా?"

లేదన్నాను. గొంతు పెగలడానికి కొంచెం టైమ్ పట్టింది. అమ్మ గమనించిందేమో, జలుబు చేసిందా అని అడిగింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇన్నేళ్లుగా నన్ను మేల్కొల్పుతున్న భయం గురించి ఆమెకు చెప్పలేదు. పక్కింటి ఆవిడ ఫోన్ కోసం ఎదురుచూస్తోందని అమ్మే పెట్టేసింది.

ఆ నంబరును "అమ్మ, పక్కింటి నుంచి" అని సేవ్ చేసుకున్నాను. అన్నయ్యకు రేపు పొద్దున చెప్పాలి, అమ్మ ఫోన్‌కు రీచార్జ్ చేయించమని. తన ఫోన్ సంగతి కూడా.

ఫోన్ తలగడ పక్కనే పెట్టాను. రింగ్ పూర్తిగా పెంచి.