తుంటి మార్పిడికి ముందు నడుముకు ఎక్స్‌రే

హన్మకొండలో కుడి తుంటి కీలు మార్పిడి చేయించుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు బంధువులందరూ అడిగింది ఒక్కటే: కోత ముందువైపా, వెనకవైపా? నేనూ ఆ సందేహంతోనే డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన మాత్రం మొదట నా నడుము సంగతి అడిగారు. కొన్నేళ్ల కిందట నడుము పూసలను రాడ్లు, స్క్రూలతో బిగించారని చెప్పగానే, నిలబెట్టి ఒకసారి, స్టూలు మీద కూర్చోబెట్టి ఒకసారి, పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు.

రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించాకే విషయం బోధపడింది. మనిషి కూర్చున్నప్పుడు మామూలుగా కటి ఎముక వెనక్కి వాలుతుంది. దానితో పాటు అందులో అమర్చిన కప్పు, అంటే కృత్రిమ కీలు బంతి తిరిగే గిన్నె, ముందువైపు మరికొంత తెరుచుకొని, పైకి లేచే తొడ ఎముకకు చోటిస్తుంది. నా కటి ఎముక రెండు ఫిల్ములలోనూ దాదాపు ఒకే తీరుగా ఉంది. నడుము ఇలా బిగుసుకుపోయినవారు కూర్చుని ముందుకు వంగితే, కృత్రిమ కీలులో బంతి కింద ఉండే మెడ కప్పు ముందు అంచుకు తగిలి, బంతి వెనక్కి జారిపోయే ప్రమాదం ఎక్కువ. కప్పు వాలు 40 డిగ్రీలు, ముందుకు తిరిగి ఉండే కోణం 15 డిగ్రీలు, రెండింటికీ 10 డిగ్రీలు అటూ ఇటూ అని 1978లో లెవినెక్ అనే డాక్టరు బృందం చెప్పిన సురక్షిత పరిధి నేటికీ వాడుకలో ఉన్నా, ఆ పరిధిలో అమర్చిన కీళ్లు కూడా జారుతున్నాయని, అందుకే నా కప్పును కాస్త ఎక్కువగా ముందుకు తిప్పి అమర్చుతానని ఆయన ఓపికగా వివరించారు. దానికి తోడు, చిన్న బంతి పెద్ద ప్లాస్టిక్ బంతిలోనూ, అది మళ్లీ లోహపు కప్పులోనూ తిరిగే కీలును ఎంచుకున్నారు. 1970లలో ఫ్రాన్సులో జిల్ బుస్కే అనే డాక్టరు రూపొందించిన పద్ధతి ఇది.

కోత వెనకనుంచే పెట్టారు. ముందునుంచి వెళితే కండరాల సందులోంచి పోవచ్చు గానీ తొడ బయటివైపు తిమ్మిరి మిగలవచ్చు. పక్కనుంచి వెళితే పిరుదు పక్కవైపు కండరం బలహీనపడి కుంటు రావచ్చు. వెనకనుంచి వెళితే ఆ కండరం జోలికి పోనవసరం లేదు గానీ, కోసిన చిన్న కండరాలనూ కీలు పొరనూ తిరిగి గట్టిగా కుట్టాలి. తన చేయి తిరిగిన మార్గం ఇదేనని ఆయన చెప్పిన మాటే నాకు అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చింది. రోగి ఈ సంగతి అడిగి తెలుసుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం.

మరుసటి రోజే వాకర్‌తో నడిపించారు. ఇంట్లో కమోడ్ ఎత్తు పెంచుకున్నాము. నిద్రలో కాలు లోపలికి తిరగకుండా తొడల మధ్య దిండు ఉండేది. బాసింపట్టు వేసుకొని కింద కూర్చోవడం మానేశాను గనుక, బతుకమ్మ నాడు తాంబాళాన్ని బల్ల మీద పెట్టించి, ఎత్తు కుర్చీలో కూర్చునే గునుగు, తంగేడు పేర్చాను. కుట్లు పూర్తిగా మానిన తర్వాత కూడా, పల్లపు సోఫాలో కూర్చోవద్దనీ, కింద పడ్డ వస్తువును కుర్చీలోంచి వంగి తీయవద్దనీ చెప్పిన జాగ్రత్తలను ఇప్పటికీ పాటిస్తున్నాను.