స్లైడ్ చూసి పిల్లపక్షి అనుకున్నా

మొదటిసారి ఒక పక్షి వృషణం (వీర్యకణాలు తయారయ్యే అవయవం) స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు "ఇది ఇంకా ఈడుకి రాని పక్షిది" అని గట్టిగా చెప్పేశా, పక్కనున్నావిడ నవ్వి లేబుల్ చూడమంది, చూస్తే మూడేళ్ల మగ పెద్దబాతు! కాకపోతే జతకట్టే సీజన్ అయిపోయాక తీసిన టిష్యూ. పరువు పోయింది అనుకోండి.

అసలు పక్షుల్లో వృషణాలు బయట ఉండవు, కడుపు లోపల వెన్నుకి ఆనుకుని, కిడ్నీల ముందు కొసన ఉంటాయి. అంటే దాదాపు 41 డిగ్రీల వేడిలోనే వీర్యకణాలు తయారవ్వాలి, మనుషుల్లో ఐతే ఆ వేడికి పని కుంటుపడుతుంది, వీటికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా స్పీడ్ కూడా ఎక్కువే, మనకి రెండు నెలలు దాటే పని కోడిపుంజులో సుమారు 2 వారాల్లో అయిపోతుంది.

సీజన్‌లో ఉన్న స్లైడ్ అయితే చూడ్డానికి భలే ఉంటుంది. శుక్రోత్పాదక నాళికలు, అంటే వీర్యకణాలు తయారయ్యే సన్న గొట్టాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ లావుగా ఉంటాయి, ఒక్కో దాంట్లో గోడ వైపు స్పెర్మటోగోనియాలు (వీర్యకణాలకి మూల కణాలు), వాటి నుంచే వరసగా తయారయ్యే దశలు ఆ లోపల పెద్ద కేంద్రకాలతో స్పెర్మటోసైట్లు, ఇంకా లోపలికి గుండ్రటి స్పెర్మటిడ్లు, ఆఖర్న సన్నగా సాగిపోయి సెర్టోలి కణాల్లో (వీర్యకణాల్ని పోషించే కణాలు) తలలు దూర్చి కట్టలు కట్టలుగా నిలబడ్డ వీర్యకణాలు. తోకలన్నీ మధ్య ఖాళీలోకి వేలాడుతుంటాయి.

సీజన్ అయ్యాక చూస్తే ఇవేం ఉండవు. నాళికలు ముడుచుకుపోయి లోపల ఖాళీ దాదాపు మూసుకుపోతుంది, గోడ వెంట సెర్టోలి కణాలు, కాసిన్ని స్పెర్మటోగోనియాలు మాత్రం మిగుల్తాయి, మిగతా కణాలు చాలావరకు చచ్చిపోతాయి, ఆ చెత్త ఎత్తే పని కూడా సెర్టోలి కణాలదే పాపం. నాళికలు చిక్కిపోవడంతో నాళికల మధ్యలో ఉండే లీడిగ్ కణాల (మగ హార్మోన్ తయారుచేసేవి) భాగం ఎక్కువైనట్టు కనిపిస్తుంది, పిల్లపక్షి స్లైడ్ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, నేను బోల్తా పడింది అక్కడే.

ఇదంతా నడిపించేది ముఖ్యంగా వెలుతురు. తమాషా ఏంటంటే దానికి కళ్లు కూడా అక్కర్లేదు, 1930ల్లో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా అనే ఆయన కళ్లు తీసేసిన బాతుల్లో కూడా వెలుతురు పడితే వృషణాలు పెరగడం చూశాడు, పుర్రె దాటి వెళ్లిన వెలుతుర్ని మెదడే నేరుగా పట్టుకుంటుంది. యూరప్ జాతి పెద్దబాతులు పగలు పెరిగేకొద్దీ సీజన్‌లోకి వస్తే, దక్షిణ చైనాలో మాగాంగ్ లాంటి జాతులు దానికి రివర్స్, పగలు తగ్గితే మొదలెడతాయి. యూరప్ వాటిలో ఇంకో విచిత్రం, పగలు ఇంకా పొడుగ్గా ఉండగానే ఒంట్లో వెలుతురుకి స్పందించడం ఆగిపోతుంది, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, వృషణం చిక్కడం మొదలు.

పెంచేవాళ్లకి తగిలే దెబ్బ ఇక్కడే. ఆడది ఇంకా గుడ్లు పెడుతూనే ఉంటుంది, మగది అప్పటికే దుకాణం సర్దేస్తుంటుంది. పెద్దబాతు వీర్యం మామూలుగానే తక్కువ, చాలాసార్లు అర మిల్లీలీటర్ కూడా రాదు, సీజన్ చివర్లో అదీ పల్చబడుతుంది, ఆఖరి గుడ్లలో పిల్ల కట్టనివి ఎక్కువవుతాయి, అప్పుడేమో అందరూ కలిసి ఇంక్యుబేటర్‌ని తిడతారు.